ఊరి పనులకు సర్కారు నిధులు: స్వచ్ఛంద సంస్థలకు అందులో చోటెక్కడ?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను. మాది చిన్న సంస్థ, 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయింది. చెరువుల్లోకి నీళ్లు తెచ్చే వాగు కాలువలు బాగు చేయించడం, మంచినీటి కమిటీలను నిలబెట్టడం, పంచాయతీ ప్రణాళికలోకి ఆడవాళ్లు అడిగిన పనులు కూడా ఎక్కేలా చూడటం మా పని.

కేంద్ర పన్నుల డబ్బు ఎవరికెంతో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన మొత్తం 2,36,805 కోట్లు. అది కాక మంచినీటికి, ఉపాధికి, మహిళా సంఘాలకు వేరే పద్దులున్నాయి. ఇంత డబ్బు కదులుతున్నా మా లాంటి వాళ్లం ఏ ఆఫీసుకి వెళ్లినా ఒకే వరస. సర్కారు పోర్టల్‌లో నమోదైన దర్పణ్ నంబరు ఉందా, ఆదాయపు పన్ను మినహాయింపుకి 12ఏ ఉందా, విరాళమిచ్చేవాళ్ల పన్ను రాయితీకి 80జీ ఉందా, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు తెచ్చారా? అన్నీ బల్ల మీద పెట్టాక, 'ఇప్పుడు గ్రాంట్లు ఇవ్వడం లేదండీ, టెండరు పడుతుంది, ధరావతు కట్టి వేసుకోండి' అంటారు. ధరావతు కట్టే స్తోమత ఉన్నది కన్సల్టెన్సీ కంపెనీలకే.

కాలువ తవ్వడానికి డబ్బు దొరుకుతుంది. తవ్వాక తూము ఎవరు ఎత్తాలి, పై పొలం వాళ్లకీ కింది పొలం వాళ్లకీ తగువు వస్తే ఎవరు కూర్చోబెట్టాలి, పూడిక తీతకు ఇంటికింత అని ఎవరు అడగాలి? ఈ పనికి ఏ పద్దులోనూ రూపాయి ఉండదు. మూడో ఏడుకి కాలువ పూడిపోతుంది, మళ్లీ ఎస్టిమేటు వేస్తారు. దీనికి దారేమిటో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత ఈవోపీఆర్డీ:
పంచాయతీరాజ్ శాఖలో ఈవోపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పనులు చూసే అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఆర్థిక సంఘం గ్రాంటు స్వచ్ఛంద సంస్థల కోసం పెట్టింది కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక, పంచాయతీలకు నేరుగా అందాల్సిన డబ్బు అది. 14వ ఆర్థిక సంఘం మొత్తం గ్రామ పంచాయతీలకే ఇమ్మంది. 15వది మండలానికీ జిల్లాకూ కూడా కొంత వాటా పెట్టింది. 2021-26 లెక్కలో 60 శాతం కట్టుబడి నిధులు, అంటే చెప్పిన పనులకే వాడాల్సినవి. సగం తాగునీరు, వాననీటి నిల్వ, వాడిన నీటి పునర్వినియోగానికి, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు కానీ జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడకూడదని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి మీ కార్యకర్త గౌరవ వేతనం ఆ డబ్బులోంచి ఇమ్మని సర్పంచ్‌ని అడిగితే, ఆయనకు మనసున్నా ఇవ్వలేరు. పంచాయతీ లెక్కలు నడిచే ఇ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో వోచరు ఎక్కాలంటే ప్రణాళికలో ఆ పని ఉండాలి.

మీరు దూరగలిగే చోటు ఆ ప్రణాళికే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడు చాలా ఊళ్లలో కార్యదర్శి ఒక్కడే కూర్చుని పోయినేటిది తిరగరాసి అప్‌లోడ్ చేస్తాడు. అతని తప్పు కూడా కాదు, నెత్తిన అన్ని యాప్‌లు ఉన్నాయి. వార్డులవారీగా కూర్చుని పనులు తేల్చే మనుషులు దొరికితే ఏ కార్యదర్శీ వద్దనడు. డబ్బు మీ ఖాతాకు రాదు, కానీ మీరు కోరే పనికి వస్తుంది.

రెండోది, ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్. అందులో సహాయక కార్యక్రమాలకు 5 శాతం విడిగా పెట్టారు. అమలు సహాయక సంస్థలుగా స్వచ్ఛంద సంస్థల్నీ మహిళా సంఘాల్నీ తీసుకోవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. నీటి కమిటీలు నిలబెట్టిన అనుభవం మీకు ఉందంటున్నారు కాబట్టి అక్కడ గట్టిగా అడగండి.

సమాఖ్య అక్క:
స్వచ్ఛంద సంస్థ అనగానే అందరికీ బోర్డు, జీపు, ఆఫీసు గుర్తొస్తాయి. మన ఊళ్లలో అన్నిటికంటే పెద్ద స్వచ్ఛంద వ్యవస్థ మహిళా పొదుపు సంఘాలే కదండీ. 1992లో నాబార్డు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. 2000లో పేదరిక నిర్మూలనకు సర్కారు పెట్టిన సెర్ప్ సంస్థ వచ్చింది, దాని వెలుగు పథకం వచ్చింది, 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. పదిమంది ఆడవాళ్లు పొదుపు చేసుకునే సంఘం, ఆ సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య. మాకొచ్చే సామాజిక పెట్టుబడి నిధి ఊరికే పంచిపెట్టేది కాదు. అప్పుగా తీసుకుంటాం, వడ్డీతో తిరిగి కడతాం, ఆ డబ్బే ఇంకొకరికి వెళ్తుంది. ఒక్కసారి వచ్చిన నిధి ఏళ్లకేళ్లు ఊళ్లోనే తిరుగుతుంది.

అయినా చెరువుగట్టు తమ్ముడు చెప్పిన బాధ మాకూ ఉంది. సర్వే చేయాలంటే మేమే. మీటింగుకి జనం కావాలంటే మేమే. మరుగుదొడ్ల లెక్క, పిల్లల బరువుల లెక్క, ఇంకుడు గుంతల లెక్క అన్నీ మా యానిమేటర్ల మీదే, అంటే గ్రామ సంఘం పనులు చూసే కార్యకర్తల మీదే. వాళ్లకిచ్చేది గౌరవ వేతనం, అదీ నెలనెలా రాదు. ఎన్ని ధర్నాలు చేశారో అందరూ చూశారు. సర్కారుకి స్వచ్ఛందం అంటే జీతం ఇవ్వక్కర్లేని మనిషి అని అర్థమైపోయింది. అది మారకపోతే ఏ పథకం వచ్చినా అది మోసేది ఆడవాళ్ల వెట్టిచాకిరీయే.

మెట్టరైతు:
నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మా వైపు సంస్థల పేరుతో జరిగింది చూశాక నాకు నమ్మకం పోయింది. ఒక సంస్థ వాళ్లు వచ్చి శిక్షణ అన్నారు, ఫొటోలు తీసుకున్నారు, సంతకాలు పెట్టించుకున్నారు. ఎంత ఖర్చు పెట్టారని అడిగితే పై ఆఫీసులో ఉంటుంది అన్నారు. దేశంలోని సంస్థల్లో పది శాతం కూడా లెక్కలు దాఖలు చేయడం లేదని సీబీఐయే సుప్రీంకోర్టుకి చెప్పిందిగా. రైతుకి పంట నష్టం ఇవ్వాలంటే లక్ష కాగితాలు అడిగే సర్కారు, వీళ్లకి మాత్రం నమ్మి ఎందుకివ్వాలి? పంచాయతీకి ఇస్తే కనీసం ఐదేళ్లకోసారి ఓటేసి దించొచ్చు. సంస్థని ఎవరు దించుతారు?

చెరువుగట్టు:
మెట్టరైతు గారూ, మీరడిగిన ఆఖరి ప్రశ్న న్యాయమైనది. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ లెక్క చూపని వాళ్ల వల్ల లెక్క చూపే వాళ్లకు కూడా తలుపు మూసేస్తే, చివరికి మిగిలేది ఎవరు? లెక్కలు అందంగా రాయించుకునే స్తోమత ఉన్న పెద్ద సంస్థలే కదా.

పద్దుపుస్తకం:
చార్టర్డ్ అకౌంటెంట్‌ని, చిన్న సొసైటీల ఆడిట్లు ఎక్కువ చేస్తుంటాను. నియమాలు లేవన్నట్టు మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఉన్నవేమిటో చెప్తాను.

కేంద్ర శాఖ ఏదైనా గ్రాంటు ఇస్తే 2017 సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి. ఇదే పనికి ఇంకో శాఖ దగ్గర డబ్బు తీసుకోలేదని ముందే రాసివ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, మనం రోజూ యూసీ అనేది అదే. గ్రాంటు డబ్బు మీద వచ్చిన బ్యాంకు వడ్డీ కూడా మీది కాదు, సర్కారుకి తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో కొన్న కంప్యూటరైనా సరే అనుమతి లేకుండా అమ్మకూడదు. గ్రాంటు 25 లక్షలకు తగ్గకుండా, అది మీ మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే 1971 నాటి కాగ్ చట్టం 14వ సెక్షన్ కింద, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ కూడా రావచ్చు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. సర్కారు నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుంది. చట్టం 2(హెచ్)లోనే ఆ మాట ఉంది, 2019లో డీఏవీ కాలేజ్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. కాబట్టి మెట్టరైతు గారూ, 'పై ఆఫీసులో ఉంటుంది' అనే జవాబు మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆ సంస్థ నేరుగా ఈ చట్టం కిందికి రాకపోయినా, గ్రాంటు ఇచ్చిన శాఖకి దరఖాస్తు పెడితే యూసీ నకలు అడగొచ్చు.

నాకు కనిపించే లోపం వేరు. ఈ లెక్కలన్నీ పైకే పోతాయి. ఢిల్లీకి, హైదరాబాదుకి, అమరావతికి. ఎవరి కోసం ఖర్చు పెట్టామని రాస్తారో ఆ ఊరి మనుషులకు ఒక్క కాగితం చేరదు. ఆడిట్ చేసేటప్పుడు నేను వోచరు చూస్తాను, సంతకం చూస్తాను. ఆ శిక్షణ నిజంగా జరిగిందా లేదా అనేది నాకంటే ఆ ఊళ్లో బడి పక్కన ఉండే ముసలమ్మకి బాగా తెలుసు. ఆమెను అడిగే పద్ధతి మన నియమాల్లో లేదు.

నీటిగీత:
వాటర్‌షెడ్ పనుల్లో, అంటే వాన నీళ్లు పడ్డచోటే ఆపి ఇంకించే పనుల్లో మొదటి నుంచి ఉన్నవాణ్ణి. చెరువుగట్టు గారు అడిగిన 'మనుషుల్ని కూడగట్టే పనికి పద్దు' ఒకప్పుడు ఉండేది. ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పుకోవాలి.

మన సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ నివేదిక తర్వాత 1994లో వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. అంతకుముందు శాఖలు ఎవరికి వారు గట్లు వేసి పోయేవి. వీటిలో మొదటిసారి ఊరే యజమాని అన్నారు. సుమారు 500 హెక్టార్లు ఒక వాటర్‌షెడ్. ఊళ్లో వాటర్‌షెడ్ కమిటీ, దానికి సొంత ఖాతా. పక్కన నిలబడి నేర్పడానికి ప్రాజెక్టు అమలు సంస్థ, అది శాఖ అయినా కావచ్చు, స్వచ్ఛంద సంస్థ అయినా కావచ్చు. ఆ సంస్థ దగ్గర వేర్వేరు విషయాలు తెలిసిన నలుగురి బృందం.

డబ్బు ఎలా విడదీశారో చూడండి. 80 శాతం పనులకు, 10 శాతం నిర్వహణకు, 5 శాతం శిక్షణకు, ఇంకో 5 శాతం అచ్చంగా సామాజిక సమీకరణకు. ఆ ఆఖరి 5 శాతమే అసలు సంగతి. రాత్రిపూట రైతుల్ని కూర్చోబెట్టి, ఎవరి పొలంలోంచి కాలువ పోవాలో మాట్లాడి ఒప్పించే మనిషికి సర్కారు పద్దులో చోటు దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో చిన్న సంస్థలు అప్పుడే పనిలోకి వచ్చాయి.

2003లో హరియాలీ మార్గదర్శకాలు వచ్చాయి, అమలు పంచాయతీలకు ఇచ్చారు. పంచాయతీకి అధికారం ఇవ్వడం సరైనదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పంచాయతీకి అధికారం ఇచ్చేటప్పుడు పక్కన నిలబడే స్వచ్ఛంద సంస్థకు చోటు బాగా తగ్గించారు. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో సంస్థాగత సామర్థ్యానికి 5 శాతం పెట్టారు, మంచిదే. అయితే అప్పటికే చాలా సంస్థలు మూతపడ్డాయి, ఆ నలుగురి బృందాల్లోని పిల్లలు సిటీకి ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఒకసారి చెదిరిన బృందాన్ని జీవో ఇచ్చి మళ్లీ పోగుచేయలేం.

అందుకే నేననేది, ఎంత మొత్తం ఇస్తున్నారనే దానికంటే ఆ 5 శాతం ఉందా లేదా అని ముందు చూడాలి.

కొత్తచిగురు:
చదువుతుంటే చాలా విషయాలు తెలుస్తున్నాయి. నేను సోషల్ వర్క్ పీజీ చేశాను, ఈ రంగంలోకి వద్దామని ఉంది కానీ ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఒక సందేహం. సర్కారు గ్రాంటు ఇంత కష్టమైతే కంపెనీలు సమాజ పనులకు పెట్టే సీఎస్ఆర్ డబ్బుతో నడపొచ్చు కదా?

పద్దుపుస్తకం:
నడపొచ్చు, కొంతవరకు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూల్లో గ్రామీణాభివృద్ధి ఉంది. మీ సంస్థ సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. కాకపోతే కంపెనీ తన ఫ్యాక్టరీ చుట్టుపక్కలకే మొగ్గు చూపుతుంది, చట్టం కూడా స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. ఫ్యాక్టరీ లేని జిల్లాకి ఆ డబ్బు రావడం కష్టం. బాగా వెనకబడిన చోట ఫ్యాక్టరీ ఉండదు కదా. అక్కడికి వెళ్లాల్సింది సర్కారే.

సర్పంచ్ గొంతు:
నేను సర్పంచ్‌గా చేశాను. అందరూ పంచాయతీలో డబ్బు పోగుపడి ఉన్నట్టు మాట్లాడుతున్నారు. వాస్తవం చెప్తాను. ఆంధ్రలో పంచాయతీల కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధుల్ని పైనే సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే గ్రాంటు అని కేంద్రం నిబంధన, దాంతో ఆ నిధులు ఆగిపోయాయి. వీధి దీపం మార్చాలన్నా, ట్రాక్టరుకి డీజిల్ పోయాలన్నా కార్యదర్శులు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఐదేళ్లకోసారి వేయాలని రాజ్యాంగంలో ఉంది. వేస్తారు కూడా, కానీ ఆ సిఫారసుల ప్రకారం పంచాయతీకి డబ్బు వచ్చేదాకా నమ్మకం లేదు.

ఇలాంటప్పుడు స్వచ్ఛంద సంస్థలకి వేరే గ్రాంటు అంటే మాకు మండుతుంది. మీ సంస్థ ఊరికి వస్తే సర్పంచ్‌కి ఒక్క మాట చెప్పరు. కలెక్టర్ ఆఫీసులో మాట్లాడుకుని నేరుగా ఊళ్లోకి దిగుతారు. మంచి జరిగితే మీ పేరు, చెడితే మా పేరు.

చెరువుగట్టు:
సర్పంచ్ గారూ, ఈ మాట మా వాళ్లకి కూడా వినిపించాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఏ సంస్థా ఊళ్లో సర్కారు డబ్బుతో పని మొదలుపెట్టకూడదని నిబంధన పెడితే నేను చేతులెత్తి ఒప్పుకుంటాను.

కొండదారి:
సరిగ్గా ఆ నిబంధనకి దగ్గరగా ఉన్న చట్టం మన దగ్గరే ఉంది, మైదాన ప్రాంతం వాళ్లు పట్టించుకోరు. నేను ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో పనిచేస్తాను. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం 4వ సెక్షన్ చూడండి. ఊళ్లో ఏ ప్రణాళిక, ఏ పథకం అమలు చేయాలన్నా ముందు గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారుల్ని గుర్తించేది గ్రామసభ. అన్నిటికంటే బలమైనది ఈ నిబంధన: ఆ పనులకు పెట్టిన డబ్బు ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి.

అంటే యూసీ మీద చివరి మాట గ్రామసభది. ఇందాక పద్దుపుస్తకం గారు అన్న ముసలమ్మ సంతకం ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో కూడా ఇది అన్నిచోట్లా సరిగ్గా జరగడం లేదు. చాలాసార్లు తీర్మానం ముందే టైపు చేసి తెచ్చి వేలిముద్రలు వేయించుకుంటారు. అయినా హక్కు చట్టంలో ఉంది కాబట్టి అడిగే ఊరు అడుగుతోంది. గ్రామసభ నిలదీశాక బిల్లు ఆగిన సందర్భాలు నేను చూశాను. జనానికి ఆ తర్వాత వచ్చిన ధైర్యం వేరు.

పంచాయతీకి పెట్టిన ఈ నిబంధనే స్వచ్ఛంద సంస్థలకీ ఎందుకు పెట్టకూడదు? మైదాన ప్రాంతంలో ఎందుకు ఉండకూడదు? గ్రామసభ సంతకం లేని యూసీని శాఖ తీసుకోకూడదు, అంతే. మెట్టరైతు గారు అడిగారు, సంస్థని ఎవరు దించుతారని. గ్రామసభ దించుతుంది.

మెట్టరైతు:
కొండదారి గారూ, ఇది నాకు నచ్చింది. కానీ గ్రామసభకి జనం వస్తేగా. మా దగ్గర కోరం లేక రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తారు.

పాత ఈవోపీఆర్డీ:
రారు, నిజమే. ఏమీ తేలని సభకి ఎవరు వస్తారు? ఉపాధి హామీలో సామాజిక తనిఖీ పెట్టినప్పుడు చూశాను. ఉమ్మడి రాష్ట్రంలో దానికోసమే 2009లో విడిగా ఒక సొసైటీ పెట్టారు. ఊరి పిల్లలే తనిఖీదారులు. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటికెళ్లి 'నువ్వు ఈ వారం పనికి వెళ్లావా, నీకు ఇంత వచ్చిందా' అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక. ఆ రోజు జనాన్ని పిలవక్కర్లేదు, వాళ్లే వచ్చారు. తమ డబ్బు సంగతి తేలుతుందని తెలిస్తే వస్తారు. స్వచ్ఛంద సంస్థల గ్రాంట్లకు కూడా అదే తనిఖీ వర్తింపజేస్తే సరిపోతుంది. కొత్త యంత్రాంగం అక్కర్లేదు.

పల్లెపుటలు:
గ్రామీణాభివృద్ధి మీద పరిశోధన చేస్తుంటాను. గ్రాంటు పోయి టెండరు ఎలా వచ్చిందనేది చెరువుగట్టు గారి మొదటి ప్రశ్న. అది ఇంకా తేలలేదు.

సర్కారు డబ్బుతో స్వచ్ఛంద సంస్థల్ని నిలబెట్టే ఆలోచన మనకు కొత్తది కాదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. సంక్షేమ పనిని శాఖలు మాత్రమే చేయలేవు, ఊళ్లలో ఇప్పటికే పనిచేస్తున్న వాళ్లకి గ్రాంటు ఇచ్చి చేయించాలన్నది ఆ మండలి పుట్టుకలోనే ఉంది. ఏడో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1986లో, కపార్ట్ వచ్చింది. రెండు పాత సంస్థల్ని కలిపి దాన్ని పెట్టారు. గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉంటూ నేరుగా స్వచ్ఛంద సంస్థలకే నిధులిచ్చేది. అందులో అవకతవకలు జరిగాయి, సంస్థల్ని బ్లాక్ లిస్టులో పెట్టారు, కోర్టుల దాకా వెళ్లింది. సరిదిద్దే బదులు క్రమంగా చిన్నబుచ్చి, 2020లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీలో కలిపేశారు. చిన్న గ్రామీణ సంస్థ నేరుగా దరఖాస్తు పెట్టుకునే జాతీయ స్థాయి తలుపు అలా మూసుకుంది. 2007లో స్వచ్ఛంద రంగానికి జాతీయ విధానం అని ఒకటి ప్రకటించారు, చదివితే ఎంతో గౌరవంగా ఉంటుంది. దాని వెనక డబ్బు లేదు.

టెండరుకీ గ్రాంటుకీ తేడా చాలా లోతైనది. టెండరులో ఏం చేయాలో సర్కారుకి ముందే తెలుసు, ఎవరు తక్కువకి చేస్తారా అని అడుగుతుంది. గ్రాంటులో ఊరికి ఏం కావాలో సంస్థ చెప్తుంది, సర్కారు వింటుంది. ఇంతవరకు సర్కారుకి తెలియని పని పుట్టేది ఈ రెండో దారిలోనే. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో రైతులు పురుగుమందులు మానేసింది స్వచ్ఛంద సంస్థల తోడుతో. ఆ తర్వాతే సెర్ప్ దాన్ని అందుకుని మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్లకు తీసుకెళ్లింది. బడి మానేసిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు అనే పద్ధతిని రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసి చూపించాకే సర్కారు కార్యక్రమాల్లోకి వచ్చింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వీటిలో ఏదీ టెండరు పిలిస్తే వచ్చేది కాదు. ఏమని పిలుస్తారు? అప్పటికి ఆ పనికి పేరే లేదు.

అందుకని నేను చిన్న గ్రాంటు కావాలంటాను. జిల్లా స్థాయిలో, తక్కువ మొత్తాలతో, కనీసం మూడేళ్లపాటు. ఏడాది గ్రాంటుతో ఊళ్లో ఏమీ జరగదు. మొదటి ఆరు నెలలు మనుషుల్ని తెలుసుకోవడానికే పోతాయి, మిగతా ఆరు నెలలు యూసీ రాయడానికి.

సర్పంచ్ గొంతు:
జిల్లా స్థాయి అంటే మళ్లీ కలెక్టరేటే. మండలంలో పెట్టండి, మంజూరు కమిటీలో సర్పంచుల్ని, సమాఖ్య వాళ్లని కూర్చోబెట్టండి. అప్పుడు ఊరికి తెలియని సంస్థ లోపలికి రాదు.

నీటిగీత:
మండలం అయితే ఎమ్మెల్యే మనుషుల సంస్థలకే పోతుందని భయం. జిల్లా అయితే తెలిసిన కన్సల్టెన్సీలకు పోతుందని భయం. నా లెక్కలో ఎక్కడ మంజూరు చేశారనేదాని కంటే ఎవరికి ఎంత, దేనికి ఇచ్చారనేది పంచాయతీ గోడ మీద రాయడం ముఖ్యం. ఉపాధి హామీ కూలి డబ్బులు గోడ మీద రాశాం కదా, ఇదీ రాయొచ్చు.

సమాఖ్య అక్క:
గోడ మీద జీతాలు కూడా రాయాలి. నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా యానిమేటర్‌కి ఎంత వస్తుందో ఊరందరికీ తెలుసు, అందుకే ఆమెను ఎవరూ అనుమానించరు. పైగా ఇంత తక్కువా అని జాలిపడతారు. సంస్థ డైరెక్టరుకి ఎంత, ఊళ్లో తిరిగే పిల్లకి ఎంత అని రెండూ పక్కపక్కన రాస్తే నిజం తెలిసిపోతుంది. కొత్తచిగురు, నువ్వు ఈ పనిలోకి రామ్మా, కానీ నీ జీతం ఎంత, ఏ నెల నుంచి, ఎవరిస్తారు అని కాగితం మీద రాయించుకుని రా. సేవ అని మొహమాటపడొద్దు. మీ ఇంట్లో వాళ్ల టెన్షన్‌లో తప్పేం లేదు.

మెట్టరైతు:
జీతాలు గోడ మీద రాసే సంస్థ మా ఊరొస్తే నేనే ఇల్లు చూపిస్తాను. చెరువుగట్టు గారూ, మీ సంస్థ రాస్తుందా?

చెరువుగట్టు:
రాస్తుంది. మా కార్యవర్గంలో పెట్టి, వచ్చే గ్రామసభలో చదివి వినిపిస్తాం. జల్ జీవన్ సహాయక సంస్థగా దరఖాస్తు గురించి జిల్లా నీటి సరఫరా ఆఫీసులో అడుగుతాను. పద్దుపుస్తకం గారూ, ఒక్క చిక్కు. మొదటి వాయిదా వచ్చి, రెండోది నెలల తరబడి ఆగితే ఆ మధ్యలో కార్యకర్తలకు ఎలా ఇవ్వాలి? అప్పు తెస్తే ఆ వడ్డీ గ్రాంటులో చూపొచ్చా?

పద్దుపుస్తకం:
మంజూరు ఉత్తర్వులో ప్రత్యేకంగా రాస్తే తప్ప చూపకూడదు. చూపితే ఆడిట్‌లో కొట్టేస్తారు, ఆ మొత్తం మీ నుంచి వసూలు చేస్తారు. ఇంకో గ్రాంటు ఖాతాలోంచి తాత్కాలికంగా తీసి సర్దడం కూడా వద్దు, చిన్న సంస్థలు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. ప్రతి గ్రాంటుకీ విడి ఖాతా పెట్టుకోండి. విరాళాల నుంచి కొంత మూలనిధి తీసి పక్కన పెట్టుకోండి, జీతాల ఆలస్యం దాంట్లోంచి తట్టుకుని, వాయిదా రాగానే తీర్మానం రాసి తిరిగి జమ చేయండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు వాయిదాల తేదీలు అడగండి. ఇవ్వం అంటారు. అయినా అడిగినట్టు ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత యూసీ ఎందుకు ఆలస్యమైందని వాళ్లు నోటీసు ఇచ్చినప్పుడు మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.